బడిలోకి కొత్త టెక్నాలజీ: హెడ్మాస్టర్ ముందు తీసేయాల్సినవి, తర్వాత తేవాల్సినవి

కొత్తగా బాధ్యత తీసుకున్న ఒక ప్రధానోపాధ్యాయుల ప్రశ్న ఇది. తరగతి గదుల్లో ప్రొజెక్టర్లు బిగించారు. ఒక తరగతికి సరిపడా ట్యాబ్‌లు వచ్చాయి. హాజరుకీ మార్కులకీ యాప్ పెట్టారు. ఒకరోజు శిక్షణా అయింది. అయినా ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ వాడటం లేదు, సీనియర్ టీచర్లయితే ముఖం మీదే వద్దంటున్నారు. బడిని మార్పుకి ఎలా సిద్ధం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదలుపెట్టాల్సింది మీ సీనియర్ల మాట నుంచే. వాళ్లు వద్దంటున్నది చాలావరకు టెక్నాలజీని కాదు, దాంతో వచ్చి పడిన రెండో పనిని. హాజరు రిజిస్టర్‌లో రాయాలి, మళ్లీ యాప్‌లో ఎక్కించాలి. మార్కులు కాగితం మీద వేయాలి, మళ్లీ టైపు చేయాలి. పాఠ్య ప్రణాళిక నోట్సులో ఉండాలి, ఫొటో తీసి గ్రూపులోనూ పెట్టాలి. కొత్తది వచ్చినప్పుడు పాతది ఒక్కటీ పోలేదు. పాత పనిని రద్దు చేసే అధికారం టీచర్లకు లేదు, మీకుంది. అందుకే ఈ విషయంలో హెడ్మాస్టర్ చేయాల్సిన మొదటి పని కొనడమూ కాదు, ప్రోత్సహించడమూ కాదు, తీసేయడం.

హాజరు యాప్‌నే లెక్కేసి చూడండి. యాప్ తెరిచి, లాగిన్ అయి, 40 పేర్ల పక్కన టిక్ పెట్టి, సేవ్ అయిందో లేదో చూసుకునేసరికి 3 నిమిషాలు పోతాయి. ప్రతి పీరియడ్‌కీ తీయాలంటే, రోజుకి 6 పీరియడ్లకి 18 నిమిషాలు. 200 పనిదినాలకి 60 గంటలు. 40 నిమిషాల పీరియడ్ల లెక్కన ఏడాదికి 90 పీరియడ్లు ఒక్కో తరగతి పిల్లలు హాజరు కోసమే పోగొట్టుకుంటున్నారన్నమాట. ఈ లెక్క స్టాఫ్ మీటింగులో బోర్డు మీద మీరే వేసి చూపించండి. తమ ఇబ్బంది మీకు తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

చాలా యాప్‌లలో దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంటుంది. అందరూ హాజరైనట్టు ముందే చూపించి, రానివాళ్ల పేర్లు మాత్రమే నొక్కేలా మార్చుకోవచ్చు. అప్పుడు 3 నిమిషాల పని అర నిమిషానికి దిగుతుంది. ప్రతి పీరియడ్‌కీ బదులు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చాలేమో చూడండి. ఫోన్ లాక్ తీసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా, లాగిన్ కొన్నాళ్లు నిలిచేలా పెట్టించండి. అయితే అలాంటప్పుడు ఆ ఫోన్‌కి స్క్రీన్ లాక్ తప్పనిసరి చేయాలి. పై అధికారులు కాగితం రిజిస్టర్ ఉండి తీరాలంటే, నెలాఖరున యాప్ నుంచి ప్రింటు తీసి సంతకం చేస్తే ఒప్పుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. అడగకుండానే ఒప్పుకోరని అనుకుని రెండూ నడిపేస్తుండటం చాలా బడుల్లో జరిగేదే.

పాత పద్ధతీ కొత్త పద్ధతీ కలిపి నడపక తప్పని రోజులు కొన్ని ఉంటాయి. వాటికి నాలుగు వారాలు చాలు. ఫలానా తేదీ తర్వాత రిజిస్టర్ రాయక్కర్లేదని మొదటి రోజే సర్క్యులర్ ఇవ్వండి. గడువు చెప్పకపోతే టీచర్లు నమ్మకమున్న కాగితాన్ని జాగ్రత్తగా రాస్తారు, యాప్‌ని ఏదో అయిందనిపిస్తారు. రెండు లెక్కలూ కలవవు. ఆ తేడా చూపించి యాప్ పనికిరాదని తేల్చేస్తారు. ఈ నాలుగు వారాల్లో ప్రతి శుక్రవారం ఒక తరగతి లెక్కలు రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూస్తే తప్పులు ఎక్కడ దొర్లుతున్నాయో దొరికిపోతుంది. ఎక్కువగా ఆలస్యంగా వచ్చిన పిల్లల దగ్గర, మధ్యలో సెక్షన్ మారిన పిల్లల దగ్గర తేడా వస్తుంది.

ఇక పాఠం సంగతి. పరికరం చూసి దాంతో ఏం చేద్దామని ఆలోచిస్తే పని జరగదు. ముందు మీ బడిలో పాఠానికి అడ్డుపడుతున్న ఒక ఇబ్బందిని ఒక్క వాక్యంలో రాయండి. ‘పిల్లల నైపుణ్యాలు పెంచాలి’ లాంటిది వాక్యం కాదు. ‘7వ తరగతి పిల్లలు రాసిన భిన్నాల లెక్కలు దిద్ది వెనక్కి ఇచ్చేసరికి వారం దాటుతోంది, ఈలోగా తర్వాతి పాఠం మొదలవుతోంది’ అన్నది వాక్యం. ఇప్పుడు ట్యాబ్‌కి ఒక పని దొరికింది. పాఠం చివర 5 ప్రశ్నల చిన్న క్విజ్ పెడితే, ఎవరు హారాలు కూడేస్తున్నారో, ఎవరికి సమాన భిన్నాలు రాలేదో టీచర్‌కి ఆ సాయంత్రమే తెలుస్తుంది. మర్నాడు మొదటి 10 నిమిషాలు ఆ తప్పు మీదే గడుపుతారు. ఇందులో పనిచేసేది క్విజ్ కాదు, మర్నాటి ఆ 10 నిమిషాలు. టీచర్ ఫలితం చూడకుండా తర్వాతి పాఠానికి వెళ్లిపోతే ట్యాబ్ ఉన్నా లేనట్టే.

దేశాల స్థాయిలోనూ ఇదే తేలింది. పెరూలో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన పథకాన్ని 319 గ్రామీణ బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. కంప్యూటర్ల వాడకం బాగా పెరిగింది, కానీ గణితంలో, భాషలో మార్కులు పెరిగిన ఆనవాలు కనబడలేదు. పరికరం వచ్చింది, పాఠం చెప్పే తీరు మారలేదు. ఉరుగ్వే కూడా 2007లో సేబల్ అనే పథకం కింద ల్యాప్‌టాప్‌లు పంచడంతోనే మొదలుపెట్టింది. కానీ తర్వాత ఆ పథకం కింద బడులకి వేసిన ఇంటర్నెట్ నెట్‌వర్కుని ఒక నిర్దిష్టమైన లోటు మీదికి తిప్పింది. ప్రాథమిక పాఠశాలలకు సరిపడా ఇంగ్లీషు టీచర్లు లేరు. అందుకని దూరంగా ఉన్న ఇంగ్లీషు టీచర్ వీడియోలో పాఠం చెబితే, తరగతి టీచర్ మిగతా పీరియడ్లలో దాన్ని సాధన చేయించేలా ఏర్పాటు చేసింది. ఎవరు ఏం చేయాలో, ఏ పీరియడ్‌లో చేయాలో టైమ్‌టేబుల్‌లోనే ఉంది. మీ ట్యాబ్‌లకూ అలాంటి చోటు కావాలి. ‘వీలైనప్పుడు వాడండి’ అంటే ఎవరూ వాడరు. ‘7బి, మంగళవారం, మూడో పీరియడ్’ అని రాసిపెడితే వాడతారు.

వసతుల దగ్గర చాలామంది హెడ్మాస్టర్లు అమ్మేవాళ్ల మాట మీద ఆధారపడతారు. కింది లెక్కలు తెలిస్తే మీరే ప్రశ్నలు అడగగలుగుతారు.

వై-ఫై కోసం ఇంట్లో వాడే రౌటర్ ఒక తరగతికి చాలదు. పెట్టె మీద ఎన్ని పరికరాలని రాసి ఉన్నా, 15, 20 దాటి ఒకేసారి పని మొదలుపెడితే అలాంటివి తడబడతాయి. తరగతి మొత్తం ట్యాబ్‌లు వాడే గదికి ప్రత్యేకంగా ఒక యాక్సెస్ పాయింట్ (ఎక్కువ పరికరాలకి వై-ఫై అందించే పెట్టె), దానికి వైర్ కనెక్షన్ ఉండాలి. వై-ఫై వాడే రేడియో తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ అనేదాంట్లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే (1, 6, 11) కాబట్టి పక్కపక్క గదులు గొడవపడతాయి. పిల్లల పరికరాలను 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టించండి. ఇక ఇంటర్నెట్ వేగం. 40 ట్యాబ్‌లలో ఒకే వీడియోని 40 మంది విడివిడిగా తెరిస్తే, ఒక్కోదానికి 2.5 ఎంబీపీఎస్ వేసుకున్నా 100 ఎంబీపీఎస్ కావాలి. అదే వీడియోని ప్రొజెక్టర్ మీద ఒక్కసారి వేస్తే 2.5 చాలు. కాబట్టి వీడియో ప్రొజెక్టర్‌కి, ట్యాబ్ సాధనకి. ఈ ఒక్క నియమంతో సగం ఫిర్యాదులు ఆగిపోతాయి. ఇంకొకటి, అప్‌డేట్లు. 500 ఎంబీ అప్‌డేట్ 40 ట్యాబ్‌లకి ఒకేసారి వస్తే 20 జీబీ. అది ఉదయం మొదటి పీరియడ్‌లో మొదలైతే ఆ రోజుకి అంతే. బడి వదిలాక మాత్రమే అప్‌డేట్ అయ్యేలా సమయం పెట్టించండి.

చార్జింగ్‌ని ఎవరి పనో తేల్చకుండా వదిలేస్తే మూడో వారానికి సగం ట్యాబ్‌లు చచ్చి ఉంటాయి. రోజూ ఎవరు పెడతారు, ఎవరు తీస్తారు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి పేర్లతో రాయాలి. ట్యాబ్‌ల బదులు ల్యాప్‌టాప్‌లుంటే, ఒక్కో చార్జర్ 65 వాట్లయితే 40కి 2,600 వాట్లు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మరో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి ఇది మోయించకూడదు. ఎలక్ట్రీషియన్ చేత లైను చూపించి, 20 చొప్పున రెండు విడతలుగా పెట్టండి. పొడవు సెలవులకి ముందు బ్యాటరీలను సగం చార్జితో ఆపేసి దాచండి. పూర్తిగా ఖాళీ చేసి రెండు నెలలు వదిలేస్తే కొన్ని మళ్లీ లేవవు. వెనకభాగం ఉబ్బిన ట్యాబ్ కనిపిస్తే చార్జింగ్ పెట్టకుండా వెంటనే పక్కకి తీసేయాలి, నిప్పంటుకునే ప్రమాదముంది. ప్రతి పరికరం మీదా నంబరు రాసి, అదే నంబరున్న పిల్లవాడికే రోజూ ఇస్తే ఎవరు పగలగొట్టారన్న గొడవ తగ్గుతుంది, పంచే సమయం కూడా మిగులుతుంది. 40 మందికి కనీసం రెండు మూడు అదనంగా ఉంచుకోండి. ఒక్కటి పనిచేయకపోయినా టీచర్ మొత్తం తరగతిని ఆపి దాని చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ప్రొజెక్టర్ విషయం తొందరగా చెప్పేస్తాను. కిటికీలు తెరిచి ఉన్న గదిలో వెలుగు 3,000 ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వెలుగుకి కొలత) కంటే తక్కువైతే అక్షరాలు వెలవెలబోతాయి. కంప్యూటర్ నుంచి ప్రొజెక్టర్‌కి బొమ్మ తెచ్చే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్లు దాటితే బొమ్మ ఆగి ఆగి రావడం మొదలవుతుంది. చివరి బెంచీలో మీరే కూర్చుని చదవగలుగుతున్నారో లేదో చూడండి. స్పీకర్ల గురించి అందరూ మర్చిపోతారు.

అన్నిటికంటే ముఖ్యంగా, పాఠం మధ్యలో ఏదైనా ఆగిపోతే ఏం చేయాలో ముందే ఒప్పందం ఉండాలి. రెండు నిమిషాల్లో బాగుపడకపోతే పరికరం వదిలేసి బోర్డు మీదికి వెళ్లిపోవాలి, అందుకు ఎవరూ ఏమీ అనరు. ఈ మాట మీ నోటి నుంచి రావాలి. 40 మంది ముందు నిలబడి వైర్లు పీకి పెడుతూ చిన్నబోవడమంటేనే అనుభవమున్న టీచర్లకి భయం. ఏళ్ల తరబడి తరగతిని చేతిలో పెట్టుకున్న మనిషికి ఆ కాసేపు ఎంత కష్టమో ఊహించండి. ఆ భయం తీరితేనే ముట్టుకుంటారు. సాయానికి ఒక మనిషిని పేరు పెట్టి చెప్పండి. ఆ మనిషి టీచరే అయితే వారానికి మూడు నాలుగు పీరియడ్లు ఖాళీ ఇవ్వండి. ‘కంప్యూటర్ సార్ చూసుకుంటార్లే’ అని అన్నీ ఒకరి నెత్తిన పెడితే, ఆయన బదిలీ అయిన రోజున మొత్తం ఆగిపోతుంది.

ఒకరోజు శిక్షణ ఎందుకు నిలవదంటే, అందులో నేర్చుకున్నది వాడే అవకాశం రెండు వారాల తర్వాత వస్తుంది, అప్పటికి మర్చిపోతారు. అదీగాక శిక్షణలో ఉదాహరణలు ఎవరి పాఠానివీ కావు. దానికి బదులు వారానికి 30 నిమిషాలు, బడి వేళల్లోనే, ఒక్కసారికి ఒక్క పని చొప్పున పెట్టండి. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి టీచర్ చేతిలో మర్నాటి పాఠానికి పనికొచ్చేది ఏదో ఒకటి తయారై ఉండాలి. తన పాఠంలోంచి తీసిన 5 ప్రశ్నల క్విజ్ అయినా చాలు. మొదటిసారి తరగతిలో వాడేటప్పుడు, అది వాడటం తెలిసినవాళ్లలో ఒకరు పక్కన నిలబడితే సగం బరువు తగ్గుతుంది. దానికి టైమ్‌టేబుల్‌లో సర్దుబాటు చేయాల్సింది మీరే.

టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1970లలో టీచర్లు మార్పుని ఎలా తీసుకుంటారో గమనించి చెప్పిన ఒక విషయం నాకు ఇప్పటికీ చాలా ఉపయోగపడుతుంది. టీచర్ ఆందోళన ముందు తన గురించి ఉంటుంది: నాకు వస్తుందా, నన్ను తక్కువ చేస్తారా? తర్వాత పని గురించి: దీనికి టైమ్ ఎక్కడిది? చివరికి పిల్లల గురించి: దీనివల్ల వాళ్లకేం ఒరుగుతుంది? మొదటి దశలో ఉన్న మనిషికి పిల్లల భవిష్యత్తు గురించి ఉపన్యాసం ఇస్తే చెవికెక్కదు. ముందు ఆయన పరువు కాపాడండి, తర్వాత సమయం ఇవ్వండి. మిగతాది ఆయనే అడుగుతారు. మొదటి ఆరు నెలలు టెక్నాలజీ వాడకాన్ని పనితీరు మదింపులో కలపకండి. కలిపితే మీరు తలుపు దగ్గరికి వచ్చినప్పుడే ప్రొజెక్టర్ వెలుగుతుంది.

కొత్తదాన్ని బడి మొత్తానికి ఒకేసారి పెట్టకుండా, ఒక తరగతి, ఒక సబ్జెక్టు, ముగ్గురు టీచర్లతో ఎనిమిది వారాలు నడపండి. ఆ ముగ్గురిలో ఒకరు తప్పకుండా వద్దంటున్న సీనియర్ అయి ఉండాలి. ముగ్గురూ ఉత్సాహవంతులే అయితే లోపాలను వాళ్లే సర్దుకుపోతారు, మీదాకా రానివ్వరు. పైగా వాళ్ల విజయాన్ని మిగతావాళ్లు నమ్మరు. ‘వాళ్లకేం, కుర్రాళ్లు’ అంటారు. సీనియర్ చెప్పే అభ్యంతరాలను రాసుకోండి. అందులో చాలామటుకు నిజమే ఉంటుంది. ఏమైతే ఆపేస్తామో కూడా మొదలుపెట్టకముందే రాసుకోవాలి. ఉదాహరణకి, నాలుగో వారానికి కూడా వారంలో రెండు పాఠాలు సాంకేతిక కారణాలతో ఆగుతుంటే ఆపేయడం. డబ్బు పెట్టాక ఆపడానికి మనసొప్పదు, అందుకే ముందే రాయాలి.

తొందరపడితే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్ బడులు చూపించాయి. 2013లో అక్కడ పిల్లలందరికీ ఐప్యాడ్లు ఇచ్చే భారీ పథకం మొదలైంది. కొద్ది రోజుల్లోనే హైస్కూలు పిల్లలు బడి పెట్టిన భద్రతా ప్రొఫైల్‌ని (సైట్లను అడ్డుకునే సెట్టింగులని) డిలీట్ చేసి నచ్చిన సైట్లు తెరుచుకున్నారు. ఇంటికి తీసుకెళ్లడం ఆపేయాల్సి వచ్చింది, మరుసటి ఏడాది కాంట్రాక్టే ఆగిపోయింది. ఎనిమిది వారాలు ఒక తరగతికిచ్చి ఉంటే ఆ ప్రొఫైల్ సంగతి పిల్లలే వాళ్లకి చూపించేవాళ్లు. మీరూ పరికరాలు పంచకముందు ఇద్దరు చురుకైన పిల్లల్ని కూర్చోబెట్టి, దీన్ని దాటగలరేమో చూడమనండి. వాళ్లకంటే మంచి పరీక్షకులు దొరకరు.

ఏఐ (కృత్రిమ మేధ) గురించి అడగలేదు కానీ, మీరు అడగకపోయినా అది మీ బడిలో ఉంది. పిల్లలు ఇంటి దగ్గర రాసే వ్యాసాల్లో చాలాకాలంగా ఉంది. యంత్రం రాసిందో మనిషి రాశాడో పట్టేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి పిల్లల్ని శిక్షించకండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన సొంత డిటెక్టర్‌ని, కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో తీసేసింది. చేయని తప్పుకి దొంగ అనిపించుకున్న పిల్లవాడికి చదువు మీదే మనసు విరిగిపోతుంది. అంతకంటే పనిని మార్చడం మేలు. మార్కులున్న రచనలో కొంత తరగతిలోనే చేతితో రాయించండి. ఇంటి దగ్గర రాసినదాని మీద రెండు నిమిషాలు మౌఖికంగా ప్రశ్నలడగండి. ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు, వాడితే ఎలా చెప్పాలి అన్నది ఒక పేజీలో రాసి పిల్లలకీ తల్లిదండ్రులకీ ఇవ్వండి. టీచర్లకి చెప్పాల్సింది ఇంకా ముఖ్యం. పిల్లల పేర్లు, మార్కులు, ఆరోగ్య వివరాలు, ఇంటి సమస్యలు ఏవీ ఇలాంటి యాప్‌లలో టైపు చేయకూడదు.

పిల్లల సమాచారం విషయంలో ప్రతి యాప్‌కీ నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ వివరాలు తీసుకుంటోంది? ఎక్కడ దాస్తోంది? ఇంకెవరికి ఇస్తోంది? మనం మానేస్తే చెరిపేస్తుందా? జవాబు రాతలో ఇవ్వని యాప్ వద్దు. ఉచితమన్నదైనా సరే. టీచర్లు ఎవరికి తోచిన యాప్‌లో వాళ్లు పిల్లల్ని చేర్చడం ఆగాలంటే, బడి ఒప్పుకున్న యాప్‌ల జాబితా ఒకటి నోటీసు బోర్డు మీద ఉండాలి. అది ఆరు ఏడుకి మించకపోతే మంచిది. ఒక్కో టీచర్ ఒక్కో యాప్ పెడితే పిల్లలకి పది పాస్‌వర్డ్‌లు, తల్లిదండ్రులకి పది గ్రూపులు అవుతాయి. ఇంట్లో ఒక్క ఫోనే ఉండి, అది సాయంత్రం ఏడుకి కానీ ఇంటికి రాని పిల్లలుంటారు. ఫోన్ మీద చేయాల్సిన హోంవర్క్‌కి మర్నాడే గడువు పెట్టకండి, కనీసం రెండు రోజులివ్వండి. అసలు ఫోనే లేనివాళ్లకి బడిలో ఒక గంట ట్యాబ్ దొరికేలా చూడండి.

ఇదంతా పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎన్నిసార్లు లాగిన్ అయ్యారు, ఎన్ని గంటలు వాడారు అనే డ్యాష్‌బోర్డు చూసి మురిసిపోకండి. అవి వాడకాన్ని చెబుతాయి, చదువుని కాదు. ఎనిమిది వారాల ముందూ తర్వాతా ఒకే రకం 10 ప్రశ్నలు ఇచ్చి, అదే పాఠం ట్యాబ్ లేకుండా చదివిన సెక్షన్‌తో పోల్చండి. రెండు సెక్షన్ల పిల్లలు మొదటినుంచీ సమానంగా ఉంటారని లేదు కాబట్టి మార్కులు కాక, పెరిగిన తేడా చూడాలి. టీచర్లను ఒక్కటే అడగండి: గత వారం క్విజ్ చూసి మీ పాఠంలో ఏం మార్చారు? ముగ్గురిలో ఇద్దరికి జవాబుంటే విస్తరించండి. లేకపోతే మరో నాలుగు వారాలు అదే తరగతిలో ఆగండి.

చివరగా కాగితం పని ఒకటి, ఇది ఈ వారమే చేయండి. బడి పేరు మీదున్న ప్రతి ఖాతాకీ అడ్మిన్ హక్కులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. అవి వ్యక్తిగత ఈమెయిల్ మీద కాక బడి ఈమెయిల్ మీద ఉండాలి. బదిలీ అయిన టీచర్ ఖాతా ఆ రోజే మూసేయాలి. మార్కులూ హాజరూ నెలకోసారి బయటికి తీసి, యాప్‌తో సంబంధం లేని చోట ఒక కాపీ పెట్టాలి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో మూడు నెలలకోసారి తెరిచి చూడాలి. ఏ యాప్ లైసెన్సు ఎప్పుడు అయిపోతుందో, ఏ పరికరానికి వారంటీ ఎప్పటిదాకా ఉందో ఒకే పట్టికలో రాసి, దాన్ని మీ సెలవు రోజున బాధ్యత చూసేవారికి కూడా ఇచ్చి ఉంచండి.